పాట ఒకరిది, పద్దు ఒకరిది

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషన్ రాయించుకోవడం గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి సంగీతం గురించి రాస్తున్నానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. "ఏది తోడో ఏది పాటో తెలియని మీరు సంగీతం గురించి ఏం రాస్తారండీ?" అంది మా ఆవిడ. నిజమే. నేను చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. అయితే పాడేవాడి పక్కన ఎప్పుడూ ఇంకొక మనిషి ఉంటాడు. కచేరీ ఒప్పుకునేది ఆయన, అచ్చారం పుచ్చుకునేది ఆయన, రైలు టిక్కెట్లు తీసేది ఆయన, చివరికి డబ్బు లెక్కపెట్టేది కూడా ఆయనే. ఇప్పుడు ఆయన్ని మేనేజరు అంటున్నారు. రాగాల సంగతి పెద్దలకు వదిలేసి, ఆ మనిషి గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను.

మా ఏళాయిరంపన్నై సంగతి ఈ శీర్షిక చదివేవారికి కొత్త కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఊళ్ళో అగ్గిపెట్టెల పని, టపాసుల పని. నాదస్వరం అనగానే మా పెద్దలు కోవిల్పట్టి పేరు ఎత్తేవారు. కారుకురిచ్చి అరుణాచలం గారు (1921–1964) ఆ ఊళ్ళోనే స్థిరపడ్డారు. 1962లో తమిళంలో 'కొంజుం సలంగై'గా, తెలుగులో 'మురిపించే మువ్వలు'గా వచ్చిన సినిమాలో ఎస్. జానకి గారి గొంతుకు దీటుగా పలికిన నాదస్వరం ఆయనదే. మేళం లెక్క సూటిగా ఉండేది. పెళ్ళివారు ఇచ్చింది మేళం పెద్ద పుచ్చుకునేవాడు. తవిల్ వాయించినవారికీ, తాళం వేసినవారికీ, శ్రుతి పట్టినవారికీ పందిట్లోనే పంచేవాడు. ఎవరికెంత ముట్టిందో అందరూ చూసేవారు. గిటార్లు, డ్రమ్ములు వచ్చాక ఆ పంపకం పందిరి వదిలి కాగితం మీదికి వెళ్ళింది. చిక్కు అక్కడే మొదలయింది.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, మా ఊళ్ళో నాకు బావ వరస అయ్యే ఒకాయన ఉన్నారు. చిన్న అగ్గిపెట్టెల యూనిట్ నడుపుతారు. ఆయన కొడుకు చెన్నైలో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం చేసుకుంటూనే మరో ముగ్గురితో కలిసి రాక్ బ్యాండు పెట్టాడు. కాలేజీ ఉత్సవాల్లోనూ కంపెనీల వార్షికోత్సవాల్లోనూ వాయిస్తారు. ఏడాది తిరిగేసరికి ఒక మేనేజరు వచ్చి ఆరు పేజీల ఒప్పంద పత్రం చేతిలో పెట్టాడు. సామాను కొనడానికి పన్నెండు లక్షలు అప్పు చేయాలట, దానికి మా బావ ఇంటి దస్తావేజులు తాకట్టు పెట్టాలట. "బావా, వాడి పాట మంచిదో కాదో నాకు తెలియదు. ఈ కాగితం మంచిదో కాదో నువ్వు చెప్పు" అన్నారాయన. అబ్బాయి మాత్రం, "మామా, మేనేజరు లేకుండా పైకొచ్చిన బ్యాండు ఒక్కటి చూపించండి" అన్నాడు.

అబ్బాయి మాటలో చాలావరకు నిజముంది. అందుకని ముందు ఆ నిజం చెప్పి, తరవాత కాగితం దగ్గరికి వస్తాను.

బీటిల్స్ పేరు విననివారు మనలో తక్కువ. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో బ్రయన్ ఎప్‌స్టైన్ అనే యువకుడు తమ కుటుంబం నడిపే దుకాణంలో రికార్డుల విభాగం చూసుకునేవాడు. 1961 నవంబరు 9న ఒక నేలమాళిగ క్లబ్బులో ఈ నలుగురి పాట విన్నాడు. అప్పట్లో వాళ్ళు తోలు జాకెట్లు వేసుకుని, స్టేజీ మీదే తింటూ, తాగుతూ, ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ పాడేవారట. 1962 జనవరిలో ఆయన వాళ్ళకు మేనేజరయ్యాడు. సూట్లు తొడిగించాడు, వేళకు రావడం నేర్పాడు, పాట అయ్యాక వంగి నమస్కరించడం నేర్పాడు. ఒక పెద్ద రికార్డు కంపెనీ వద్దు పొమ్మన్నా విసుక్కోకుండా తిరిగి, చివరికి ఇ.ఎం.ఐ.లో జార్జ్ మార్టిన్‌ను ఒప్పించాడు. ఆయన తిరగకపోతే ఆ పాటలు ఆ క్లబ్బు గోడలు దాటేవా అన్నది అనుమానమే.

ఇక పద్దు వైపు చూద్దాం. ఇ.ఎం.ఐ.తో కుదిరిన మొదటి ఒప్పందంలో ఒక్కో రికార్డుకు నలుగురికీ కలిపి దక్కింది ఒక్క పెన్నీ! బీటిల్స్ పేరు మీద బొమ్మలు, విగ్గులు, బ్యాడ్జీలు అమ్ముకునే హక్కు ఇచ్చినప్పుడు నూటికి తొంభై వంతులు అవతలి కంపెనీకి పోయి, పది వంతులే ఇటు మిగిలాయి. తరవాత దాన్ని మార్పించినా అప్పటికే చేతినుంచి జారిపోయింది చాలా ఉంది. ఎప్‌స్టైన్‌ది దుర్బుద్ధి అని ఎవరూ అనలేదు. ఆ వ్యాపారం అప్పటికి ఎవరికీ తెలియదు, అంతే. 1967 ఆగస్టులో ముప్ఫై రెండేళ్ళకే ఆయన పోయాడు. తరవాత మేనేజరుగా ఎవరుండాలన్న దగ్గర నలుగురూ విడిపోయారు. ముగ్గురు అలెన్ క్లైన్ అన్నారు, పాల్ మెకార్ట్నీ తన మామగారి పేరు చెప్పాడు. 1970 డిసెంబరు 31న పాల్ తమ భాగస్వామ్యం రద్దు చేయమని లండన్‌లో కోర్టుకెక్కాడు. కలిసి పాడినవాళ్ళు లెక్కల దగ్గర కలిసి కూర్చోలేకపోయారు.

ఎల్విస్ ప్రెస్లీ కథ ఇంకా గట్టి పాఠం. ఆయన మేనేజరు టామ్ పార్కర్‌ను అందరూ 'కర్నల్' అనేవారు. అసలు పేరు అది కాదు, పుట్టింది హాలెండులో. ఒక ట్రక్కు డ్రైవరు కుర్రాణ్ణి ప్రపంచమంతా ఎరిగిన గాయకుణ్ణి చేసిన ఘనతలో ఆయనకు వాటా ఉంది, కాదనలేం. కాని 1967 నుంచి ఆయన తీసుకున్న వాటా సగానికి సగం. 1973లో ఎల్విస్ పాత రికార్డుల రాయల్టీ హక్కులను ఆర్.సి.ఎ. కంపెనీకి 54 లక్షల డాలర్లకు ఒక్కసారిగా అమ్మేసి, ఆ సొమ్ము చెరిసగం పంచుకున్నారు. ప్రతి ఏటా వడ్డీ తెచ్చే డిపాజిట్‌ను గడువుకు ముందే పగలగొట్టుకోవడం లాంటిది అది. ఎల్విస్ 1957లో కెనడాలో పాడటం తప్ప అమెరికా దాటి మరే దేశంలోనూ కచేరీ చేయలేదు. పార్కర్‌కు అమెరికా పాస్‌పోర్టు లేకపోవడమే దానికి కారణమని చాలామంది అంటారు. 1977లో నలభై రెండేళ్ళకే ఎల్విస్ పోయాక, ఆయన చిన్న కూతురి తరఫున లెక్కలు చూడమని కోర్టు ఒక లాయరును నియమించింది. ఆ లాయరు పార్కర్ తీసుకున్న వాటాను తీవ్రంగా తప్పుపట్టాడు. లెక్కలు చూడమని గాయకుడు బతికుండగా ఒక్కరూ అడగకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

బ్యాడ్‌ఫింగర్ అనే ఇంకో బ్యాండు కథ చెప్పడానికే బాధగా ఉంటుంది. రికార్డు కంపెనీ ఇచ్చిన అడ్వాన్సు సొమ్ముకు లెక్క తేలక 1974లో వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. రావలసిన డబ్బు ఆగిపోయింది. ఆ బ్యాండులో ముఖ్యుడు పీట్ హామ్, ప్రపంచమంతా పాడుకున్న పాట రాసినవాడు, చేతిలో డబ్బు ఆడక, మేనేజరు చేతిలో మోసపోయామన్న దిగులుతో 1975 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకున్నాడు. ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు అప్పటికి మూడు రోజులు ఉంది.

మంచి మేనేజర్లు లేరా అంటే, ఉన్నారు. లెడ్ జెపెలిన్ మేనేజరు పీటర్ గ్రాంట్ టిక్కెట్ల వసూలులో నూటికి తొంభై వంతులు తన బ్యాండుకే రావాలని ప్రదర్శనలు పెట్టేవారితో పట్టుబట్టి సాధించాడు. ఐర్లండుకు చెందిన యు2 బ్యాండు 1978లో పాల్ మెగినెస్‌ను మేనేజరుగా పెట్టుకుంది. మొదట్లో వాళ్ళ లెక్క ఏమిటంటే, వాయించేవాళ్ళు నలుగురు, మేనేజరు ఒకడు, మొత్తం అయిదు సమాన వాటాలు. ఎవరికెంతో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు. ఆ బంధం 2013 దాకా, అంటే ముప్ఫై అయిదేళ్ళు నిలిచింది.

ఇవన్నీ తెల్లవాళ్ళ కథలు, మనకెందుకు అంటారేమో. మన దగ్గరా ఈ మనిషి ఎప్పుడూ ఉన్నాడు. మా కోవిల్పట్టికి దగ్గరలోనే ఎట్టయపురం. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో కన్నుమూసిన ఊరు. ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితులవారి దగ్గర కృతుల నిధి ఉండేది. దాన్ని అచ్చు వేయించాలని మద్రాసు ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం చేసిన చిన్నస్వామి మొదలియారు గారు ఆయన వెంటపడ్డారు. ఈయన క్రైస్తవుడు, త్యాగరాజ కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేయడానికి తన సొంత సొమ్ము ఖర్చు పెట్టిన మనిషి. ఆయన పోరు, ఎట్టయపురం రాజావారి ఆదరణ కలిసి 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చయింది. అది తెలుగు లిపిలో, ఎట్టయపురంలోనే అచ్చయిందని మన పిల్లలకు తప్పక చెప్పాలి. మొదలియారు గారు పాట కట్టలేదు, పాడలేదు. ఆయన లేకపోతే ఎన్ని కృతులు తాళపత్రాల్లోనే చెదలు తినిపోయేవో!

మదురైలో పుట్టిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సంగతి అందరికీ తెలిసిందే. 1940లో సదాశివం గారితో పెళ్ళయినప్పటి నుంచి ఆమెది పాట, మిగతాదంతా ఆయనది. ఏ సభలో పాడాలి, ఏ కీర్తన ముందు, ఏది వెనక అన్నది కూడా ఆయన చూసుకునేవారు. 1966లో ఐక్యరాజ్యసమితిలో పాడేదాకా ఆమెను తీసుకెళ్ళిన దక్షత ఆయనది. రెండు వందలకు పైగా కచేరీల వసూళ్ళు ధర్మకార్యాలకు ఇచ్చేశారు. అంత ఇచ్చినవారికి 1970ల చివరికి వచ్చేసరికి ఇల్లు గడవడమే కష్టమయింది. అప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం పూనుకుని 'బాలాజీ పంచరత్నమాల' రికార్డులు చేయించింది. మన ఇళ్ళలో పొద్దున్నే వినబడే అన్నమయ్య కీర్తనలు చాలా అలా వచ్చినవే. 1997లో సదాశివం గారు పోయాక ఆమె మళ్ళీ వేదిక ఎక్కలేదు. అంతటి ప్రేమ, అంతటి నిజాయితీ ఉన్న మేనేజరు దొరికినా, కళాకారుల పేరున విడిగా నాలుగు రూపాయలు ఉండాలని నా వృత్తి నాకు చెబుతుంది.

సరే, ఇప్పుడు ఆ ఆరు పేజీల కాగితం దగ్గరికి వద్దాం. నన్ను ఆపిన చోట్లు అయిదు.

మొదటిది కమీషన్. మొత్తం వసూలు మీద నూటికి ముప్ఫై అని రాశారు. లెక్క వేసి చూపించాను. ఒక ప్రోగ్రాముకు లక్ష రూపాయలు వచ్చిందనుకోండి. సౌండు, వ్యాను, భోజనాలు, బస కలిపి నలభై అయిదు వేలు ఖర్చు. మొత్తం మీద ముప్ఫై శాతమంటే మేనేజరుకు ముప్ఫై వేలు. మిగిలిన ఇరవై అయిదు వేలు నలుగురికి పంచితే మనిషికి 6,250 రూపాయలు. ఖర్చు పోగా మిగిలిన దాని మీద అదే ముప్ఫై శాతం అయితే మేనేజరుకు 16,500, మనిషికి 9,625. ఒక్క మాట మారితే అంత తేడా. మా బావకు ఇది చప్పున అర్థమయింది. "మన అగ్గిపెట్టెల ఏజెంటుకు కూడా సొమ్ము చేతికొచ్చాకే కదా కమీషన్ ఇస్తాం" అన్నారు.

రెండవది ఖాతా. వచ్చే డబ్బంతా మేనేజరు ఖాతాలో పడుతుంది, పైగా నలుగురి తరఫునా సంతకం చేసే అధికారం ఆయనకు జనరల్ పవరాఫ్ అటార్నీగా ఇవ్వాలి. ఇచ్చేవారు టి.డి.ఎస్. పట్టుకుంటే అది కూడా ఆయన పాన్ నంబరు మీదే జమ అవుతుంది. పాడింది వీళ్ళు, పన్ను కట్టినట్టు పేరు ఆయనది!

మూడవది గడువు. అయిదేళ్ళు, ఆపైన మేనేజరు కోరుకుంటే ఇంకో అయిదేళ్ళు. కోరుకునే హక్కు వీళ్ళకు లేదు.

నాలుగవది పేరు, పాటలు. బ్యాండు పేరు, వీళ్ళు కట్టే పాటల హక్కులు మేనేజరు కంపెనీ పేరున నమోదవుతాయి. ఇది చిన్న విషయం కాదు. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో పర్యటిస్తుండగా, ఇళయరాజా గారి పాటలు అనుమతి లేకుండా పాడకూడదని లాయరు నోటీసు వెళ్ళింది. వాటిలో ఎన్నో బాలు గారి గొంతుతోనే లోకానికి తెలిసిన పాటలు. ఆ తరవాత 2019లో ఇద్దరూ కలిసి ఒకే వేదిక మీద పాడారు, మనందరికీ సంతోషం కలిగింది. ఎవరి వైపు న్యాయమన్నది ఇక్కడ మన చర్చ కాదు. పాడటం వేరు, పాట హక్కుదారు కావడం వేరు అని అంతటివారి విషయంలోనే తేలింది కదా, ఇరవై నాలుగేళ్ళ కుర్రవాళ్ళు తమ పాట హక్కును మొదటి రోజే రాసిచ్చేస్తే ఎలా?

అయిదవది అప్పు. సామాను బ్యాండు వాడుతుంది, కమీషన్ మేనేజరుకు పోతుంది, పూచీ మాత్రం ఏళాయిరంపన్నైలో ఉన్న ఇల్లు. లాభంలో వాటా ఉన్నవాడికి నష్టంలో వాటా లేని కాగితం మీద సంతకం పెట్టవద్దని మా బావకు గట్టిగా చెప్పాను. సౌండు సామాను చెన్నైలో రోజువారీ అద్దెకు దొరుకుతుంది. ఎ.ఆర్. రహమాన్ గారి తండ్రి శేఖర్ గారు 1976లో పోయినప్పుడు, ఆ తల్లి భర్త వాయిద్యాలను అద్దెకిచ్చి ఇల్లు గడిపారు. సామాను అద్దెకు తెచ్చుకుని వాయించడంలో చిన్నతనమేమీ లేదు.

ఈ అయిదు విషయాలూ రాసి పంపితే మేనేజరు మొదటిదీ మూడవదీ ఒప్పుకున్నాడు. ఉమ్మడి ఖాతాకూ, పాటల హక్కులు వదలడానికీ ససేమిరా అన్నాడు. నలుగురూ వారం రోజులు తర్జనభర్జన పడి చివరికి సంతకం పెట్టలేదు. ఆయనతో పాటే ఖాయమవుతాయనుకున్న రెండు ప్రోగ్రాములు పోయాయి. అబ్బాయి రెండు నెలలు నాకు ఫోను చేయలేదు. ఇప్పుడు ఆ నలుగురిలో ఒకరి అక్క, ఆడిటర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి, సాయంత్రాలు వాళ్ళ ప్రోగ్రాములు చూసిపెడుతోంది. ఆమె వాటా నూటికి పదిహేను, ఖర్చులు పోగా. ప్రతి నెలా అయిదో తారీకున లెక్క నలుగురికీ పంపుతుంది. ప్రోగ్రాములు మునుపటంత తరచుగా లేవు, ఆ మాట దాచను. బ్యాండు పెద్దదవుతుందో లేదో నేను చెప్పలేను. మా బావ ఇంటి దస్తావేజులు మాత్రం ఆయన బీరువాలోనే ఉన్నాయి.

మన కుటుంబాల్లో ఇప్పుడు పిల్లలు పాటలోకి, ఆటలోకి, సినిమాలోకి వెళుతున్నారు. చెన్నైలోనూ బెంగుళూరులోనూ మాత్రమే కాదు, సింగపూరులోనూ న్యూజెర్సీలోనూ వెళుతున్నారు. వద్దనడం మన వల్ల అయ్యే పని కాదు, అనకూడదు కూడా. మేనేజరు అవసరమే. కళాకారుడు ఫోనులో బేరమాడుతూ కూర్చుంటే సాధన ఎప్పుడు చేస్తాడు? కాకపోతే తల్లిదండ్రులు పిల్లల చేత ఈ కొన్ని నియమాలు పాటింపజేస్తే చాలు. డబ్బు ముందు కళాకారుల ఖాతాలో పడాలి, అక్కడినుంచి మేనేజరుకు కమీషన్ వెళ్ళాలి, అటునుంచి ఇటు కాదు. ఖాతాకు రెండు సంతకాలు ఉండాలి. మొదటి ఒప్పందం ఏడాదికి మించకూడదు. సంతకానికి ముందు సొంత లాయరు చదవాలి, మేనేజరు తెచ్చిన లాయరు కాదు. జనరల్ పవరాఫ్ అటార్నీ ఎవరికీ ఇవ్వకూడదు, ఒక పనికి ఒకటి చొప్పున ఇవ్వవచ్చు. పేరు, పాట, ఇల్లు, ఈ మూడూ ఎప్పుడూ తాకట్టులోకి రాకూడదు. మేనేజరు అన్నగారైనా బావగారైనా, కన్నతండ్రే అయినా సరే, నెలకొకసారి లెక్క చూపించాలి.

లెక్క అడగడం అనుమానించడం కాదు. మా బ్యాంకులో రోజూ సాయంత్రం క్యాషియరు క్యాషు లెక్కపెట్టి అప్పగిస్తే, ఇంకొక ఆఫీసరు చూసి సంతకం పెడతాడు. ముప్ఫై ఏళ్ళుగా పక్కపక్కన కూర్చున్నవారైనా అంతే. దానివల్ల మా స్నేహాలు చెడలేదు, నిలిచాయి. పాడేవారికీ పద్దు రాసేవారికీ మధ్య కూడా అంతే అనుకోండి.

వచ్చే సంచికలో, విదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్ళోని ఉమ్మడి ఆస్తిలో తమ వాటా సంగతి ఎలా చూసుకోవాలో మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.